కవాటపు చప్పుడు

బాధకు చప్పుడొక గుఱుతు. పసిబిడ్డ యేడ్చుట, బండి యిరుసు కిఱ్ఱుమనుట, పనివాడు గొణుగుట, ప్రజలు మొఱపెట్టుకొనుట, ఇవన్నియు నొక జాతిలోనివే. ఎక్కడనో యేదియో సరిగా లేదని యవి మనకు తెలుపుచున్నవి. అట్టి చప్పుడు చెవిని బడినప్పుడు మనుష్యుడు రెండు మార్గములలో నొకదానిని త్రొక్కును. చప్పుడు నాపుట మొదటి మార్గము. కారణమును వెదకి దానిని సవరించుట రెండవ మార్గము. పైపైని జూచువారికి రెండింటి ఫలమును నొక్కటియే. ఎట్లయినను నిశ్శబ్దమే కలుగును. కాని మొదటి నిశ్శబ్దము రోగి నోరు మూయుటవలన గలిగినది. రెండవది రోగము కుదురుటవలన గలిగినది. ఈ రెండు నిశ్శబ్దములకు గల భేదము తెలియక పాడయిన సంసారములును సంస్థలును లోకమున లెక్కలేనన్ని కలవు.

ఈ విచారణకు గొప్ప దృష్టాంత మక్కఱలేదు. మోటారుసైకిలు ఇంజనులో కాలిన వాయువు వెలువడు దారికి తలుపువలె నుండు చిన్న లోహపు పనిముట్టొకటి కలదు. దానిని నిర్గమ కవాటమని గ్రంథములందు వ్రాసినను, మరమ్మతు చేయువారు ఎగ్జాస్టు వాల్వనియే పిలుతురు. అది గలగలలాడినప్పుడు చేయవలసిన దేమి యను ప్రశ్నయే మనకిక్కడ చాలును. ఇంత చిన్న వస్తువును నీతివిచారములోనికి దెచ్చుట తగునా యని కొందఱు నవ్వవచ్చును. చేతిపని నీతికి వెలుపలిదని తలచుట మన సంఘమున బహుకాలముగా నున్న పొరపాటు. నూనె మఱకలు పడిన చేతులలో సత్యాసత్య వివేచనము ప్రతిదినమును జరుగుచున్నది. అది చూచుటకు మనము వంగవలెను గాని, అది మనకొఱకు వేదిక యెక్కదు.

హైదరాబాదు నగరమునకు పడమట, బండరాళ్ల గుట్టల నడుమ, హైటెక్ సిటీ వెలసినది. 1998 నవంబరులో సైబర్ టవర్సు భవనము ప్రారంభమైన నాటినుండి మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, నానక్‌రాంగూడల రూపమే మాఱిపోయినది. 2003 లో సైబరాబాదు పేరిట ప్రత్యేక పోలీసు కమిషనరేటు ఏర్పడినది. 2019 మార్చిలో మెట్రో రైలు హైటెక్ సిటీకిని, ఆ యేటి నవంబరులో రాయదుర్గమునకును వచ్చినది. 2020 సెప్టెంబరులో దుర్గం చెఱువుపై తీగల వంతెన తెఱవబడినది. ఇన్ని సౌకర్యములు కలిగినను, ఆ ప్రాంతపు జీవన మింకను చాలవఱకు రెండు చక్రములమీదనే నడచుచున్నది. కొత్తగా ఉద్యోగమునకు వచ్చిన యింజనీరును, రాత్రి కాపలాదారుడును, అద్దాల మేడలకు అన్నపు పొట్లములు మోయు కుఱ్ఱవాడును మోటారుసైకిలునే నమ్ముకొనియున్నారు. కడపటివానికి అది వాహనము మాత్రమే కాదు, చేను. బండి నిలిచిన దినమున పొయ్యియు నిలుచును. కాబట్టి ఆ యింజనులో పుట్టు చప్పుడు వానికి సంగీతశాస్త్రపు ప్రశ్న కాదు.

ఆ కవాటముయొక్క బ్రదుకు నొకింత తెలిసికొందము. మన వీథులలో తిరుగు మోటారుసైకిళ్లలో ఇంజను నాలుగంచెలుగా పనిచేయును. గాలియు పెట్రోలును లోనికి పీల్చుట యొకటి, దానిని నొక్కుట రెండు, మంట పుట్టి ముషలకమును క్రిందికి త్రోయుట మూడు, కాలిన వాయువును వెలికి బంపుట నాలుగు. ఈ నాలుగవ పనికి తలుపు తెఱచునదే ఎగ్జాస్టు వాల్వు. ఇంజను నిమిషమునకు 5000 చుట్లు తిరుగునప్పుడు ఆ కవాటము 2500 మార్లు తెఱచుకొని 2500 మార్లు మూసికొనును. అనగా గంటకు 1,50,000 మార్లు. లోనికి వచ్చు చల్లని గాలి తగిలి ఇన్‌లెట్ వాల్వు కొంత సేదదీరును. ఎగ్జాస్టు వాల్వున కా భాగ్యము లేదు. దాని కంఠమును తాకి పోవునది నిప్పువంటి వాయువు మాత్రమే. బరువు మోయు ఇంజనులో దాని తల యెఱ్ఱగా కాలునంతటి వేడి నోర్చుచుండును. ఆ వేడిని వదలించుకొనుటకు దానికి ముఖ్యమైన యుపాయ మొక్కటే: మూసికొనిన క్షణమున సీటుపై పూర్తిగా ఆని, ఆ స్పర్శద్వారా వేడిని హెడ్డున కప్పగించుట. అనగా ఆ కవాటమునకు విశ్రాంతియే ప్రాణము.

లోహము వేడికి పెరుగును. ఇంజను కాగినప్పుడు ఈ భాగములన్నియు వేర్వేఱు పరిమాణములలో పెరుగునుగనుక, కవాటపు కాడకును దానిని నొక్కు రాకరునకును నడుమ చల్లగా నున్నప్పుడే కొంచెము సందు విడువవలెను. దీనినే ట్యాపెట్ సందందురు. చిన్న బండ్లలో అది సాధారణముగా మిల్లీమీటరులో పదవ వంతునకు అటునిటుగా నుండును. మన తల వెండ్రుక మందము కూడ ఇంచుమించుగా నంతియే. సరియైన కొలత బండినిబట్టి మాఱునుగావున తయారుచేసినవారి పుస్తకమునే చూడవలెను. ఎగ్జాస్టు వాల్వు ఎక్కువ వేడి పొందునుగనుక పెక్కు ఇంజనులలో దానికి ఇన్‌లెట్ వాల్వుకంటె నించుక యెక్కువ సందిత్తురు.

ఈ సందు పెరిగినయెడల రాకరు కవాటముపై నిమ్మళముగా వాలక సమ్మెటవలె కొట్టును. అప్పుడే టకటకమను చప్పుడు వినవచ్చును. అయితే హెడ్డు దగ్గఱ వినబడు ప్రతి చప్పుడును వాల్వుది కాదు. మంచి మేస్త్రీకిని చెడ్డ మేస్త్రీకిని భేద మిక్కడనే తెలియును. టైమింగ్ చైను వదులైనను గరగరలాడును. బెండు పైపు హెడ్డునకు చేరుచోట ప్యాకింగు కాలిపోయినయెడల వాయువు చీలి ఫట్టుఫట్టుమని ట్యాపెట్ చప్పుడును తలపించును. అక్కడ నల్లని మసి మఱక పడియుండును. ఇంజను కాగిన తరువాత లోహము పెరిగి ఆ చప్పుడు తగ్గవచ్చును. సైలెన్సరుపై రేకు మఱ యూడినయెడల ఒక్క వేగమునొద్దనే గలగలలాడి తక్కిన వేగములందు మౌనము వహించును. కఱ్ఱతో నొక్కి పట్టినచో ఆగిపోవును. ముషలకము బోరులో వదులైన చప్పుడు చల్లని యింజనులో హెచ్చుగా నుండును. కనెక్టింగ్ రాడ్డు చప్పుడు లోతుగా, బరువుగా, ఎత్తు ఎక్కునప్పుడు హెచ్చును.

కావున నిదానము తెలిసినవాడు పానా పట్టుటకు ముందు ప్రశ్నలు పట్టును. చల్లగా నున్నప్పుడా, కాగినప్పుడా? నిలిపి యుంచినప్పుడా, పరుగెత్తునప్పుడా? ఎప్పటినుండి? దానికి ముందు ఎవ్వరేమి చేసిరి? నూనె ఎప్పుడు మార్చితిరి? పిమ్మట స్క్రూడ్రైవరు కొనను హెడ్డుపై నానించి పిడిని చెవి దగ్గఱ పెట్టుకొని, వైద్యుడు ఱొమ్మును విన్నట్లు వినును. తేలికయైన కారణములను ముందుగను, కష్టమైనవానిని వెనుకను పరీక్షించును. ఒక్కమాఱు ఒక్కదానినే మార్చి మఱల వినును. అద్దాల మేడలో కూర్చుండి ప్రోగ్రాములోని తప్పును వెదకు ఇంజనీరు చేయునదియు నిదియే గదా! తప్పును మఱల పుట్టించి చూచుట, దాని జాడ పట్టుట, రెండు మార్పులను ఒక్కటిగా చేయకుండుట, సరిచేసిన పిమ్మట తిరిగి పరీక్షించుట. మెట్రో స్తంభము నీడలో మోకాళ్లపై కూర్చున్న మేస్త్రీకిని, పదియవ యంతస్తున కూర్చున్న యింజనీరునకును బుద్ధి వ్యాపారమొక్కటియే. జీతమును గౌరవమును మాత్రమే వేఱు.

ఇచ్చట నొక విచిత్రమైన సత్యమును చదువరులు గమనింపవలెను. సందు పెరిగిన కవాటము చప్పుడు చేయును; దానివలన భాగములరుగును, కొంత బలము తగ్గును; అయినను ఇంజను నడచుచుండును, లోపమును తానే చాటుకొనుచుండును. సందు తగ్గిన కవాటము చప్పుడే చేయదు. ఇంజను మిక్కిలి మెత్తగా, శ్రావ్యముగా వినబడును. యజమాని సంతసించును. కాని లోపల జరుగునదేమి? వేడికి కాడ పెరిగినప్పుడు సందు పూర్తిగా నశించి, కవాటము సీటుపై పూర్తిగా కూర్చుండజాలదు. కూర్చుండనిదే వేడి పోదు. మూసికొనని యా సన్నని చీలికనుండి నిప్పువాయువు దూసికొని పోవుచు అంచును కాల్చివేయును. కంప్రెషను తగ్గును, బండి తెల్లవాఱుజామున పట్టుదు, బలము పోవును. తుదకు హెడ్డు విప్పి చూచినప్పుడు అంచు కఱచుకొని పోయిన కవాటము కనబడును. వాడుకలో సీటు లోతుపడి ఈ సందు తనంతట తానే తగ్గుటయు కలదు. అప్పుడెవ్వరికిని వినబడకయే అపాయము దాపురించును. అందువలననే యనుభవశాలులైన మేస్త్రీలు కొంచెము టిక్కుటిక్కుమను వాల్వునకు భయపడరు. ఏ చప్పుడును లేని వాల్వును కొలిచి చూచెదరు.

ఇట్లుండగా, చప్పుడు నణచు ఉపాయములకు లోకమున కొదువ లేదు. కొందఱు చిక్కని నూనె పోయుదురు. చప్పుడు కొన్నాళ్లు మెత్తబడును, కారణ మట్లే యుండును. కొందఱు సందును కొలువక మఱను బిగించివేయుదురు. తక్షణమే నిశ్శబ్దము, కొంతకాలమునకు కాలిన కవాటము. మఱికొందఱు సైలెన్సరును తీసి, గర్జించు గొట్టమును తగిలింతురు. పెద్ద చప్పుడులో చిన్న చప్పుడు మునిగిపోవును. ఇది చట్టమునకును విరుద్ధము, వీథిలోని వృద్ధులకును శిశువులకును హింస. మన దేశపు నియమములలో 175 సి.సి. దాటిన మోటారుసైకిలు తయారగునాటికి దాని చప్పుడు 80 డెసిబెళ్లను మీఱరాదని యున్నది. తన లోపమును కప్పిపుచ్చుకొనుటకు లోకము చెవులు పగులగొట్టువారు మోటారుసైకిళ్లపైననే కాదు, సభలలోను కలరు.

విలువైన కొన్ని బండ్లలో మఱియొక కవాటము కలదు. అది ఇంజనులో గాక పొగగొట్టములోనే యుండును. యమహావారు 1987 లో ఎక్సప్ అను పేరుతో దీనిని ప్రవేశపెట్టిరి. తక్కువ వేగమున గొట్టమును కొంత మూసి, ఎక్కువ వేగమున తెఱచి, రెండు స్థితులలోను ఇంజనునకు బలము చేకూర్చుట దాని పని. చిన్న మోటారొకటి తీగలతో దానిని త్రిప్పును. మసిచేతను తుప్పుచేతను ఇరుసు పట్టుకొనిపోయినను, బుష్షు లరిగినను, తీగలు వదులైనను అది గలగలలాడును. విప్పి మసి గీకి, వేడికోర్చు గ్రీజు పూసి, తీగల వదులు సరిచేసి, అరిగిన బుష్షును మార్చుట దానికి న్యాయమైన చికిత్స. కాని అంత శ్రమ యెందుకని కొందఱు తీగలను తీసివేసి, ఒక చిన్న పెట్టెను తగిలింతురు. ఆ పెట్టె చేయు పని యొక్కటే: కవాటము చక్కగా తిరుగుచున్నదని బండిలోని కంప్యూటరునకు అబద్ధము చెప్పుట. హెచ్చరిక దీప మాఱిపోవును. యజమాని సుఖముగా నిద్రించును.

ఈ చిన్న పెట్టెయే పెద్ద రూపమున లోకమునకు 2015 లో కనబడినది. జర్మనీ దేశపు ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ తన డీజెలు కార్లలో, పరీక్ష జరుగుచున్నదని గుర్తించి అప్పుడు మాత్రమే పొగను శుద్ధిగా విడుచునట్లు ప్రోగ్రాము వ్రాయించినదని అమెరికా ప్రభుత్వము ఆ సంవత్సరము సెప్టెంబరులో బయటపెట్టెను. ప్రపంచమంతటను కోటి పది లక్షల బండ్లలో ఆ ప్రోగ్రామున్నదని ఆ కంపెనీయే యొప్పుకొనెను. అది పానాతో చేసిన పాపము కాదు. చదువుకొన్నవారు చల్లని గదులలో కూర్చుండి వ్రాసిన పాపము. చేతిపనివాని మోసమును వెంటనే తిట్టు మనము, అక్షరములతో జరుగు మోసమును అంత వేగముగా గుర్తింపము.

నిర్లక్ష్యముకూడ అసత్యమునకు చెల్లెలే. అమెరికా రచయిత రాబర్టు పిర్సిగ్ 1974 లో ప్రకటించిన 'జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్' అను గ్రంథమున నొక వృత్తాంతము కలదు. పట్టుకొనిపోయిన తన యింజనును అతడొక దుకాణమున కిచ్చెను. రేడియో మ్రోగుచుండగా అక్కడి కుఱ్ఱవాండ్రు దానిని విప్పిరి, బిగించిరి. హెడ్డులోని చప్పుడును వినగనే ట్యాపెట్లని తేల్చివేసిరి. సరిపడని పానాతో మూతలను పాడుచేసిరి. తుదకు తేలిన కారణము, హెడ్డునకు నూనె నందించు మార్గములో విఱిగిపోయిన పాతిక సెంట్ల పిన్ను. వారికి లోపించినది విద్య కాదు, పనియందు మనస్సు అని యా గ్రంథకర్త నిర్ణయించెను. ఆ నిర్ణయము మన విషయమునకును వర్తించును. చెవి యున్నను వినకపోవుట జ్ఞానలోపము కాదు, శ్రద్ధాలోపము.

ఇక మంచి చికిత్స యెట్టిదో చూతము. ఇంజను పూర్తిగా చల్లబడనీయవలెను; వేడిమీద కొలిచిన కొలత సత్యము కాదు. మూతలు తీసి, ముషలకమును నొక్కు అంచె చివర పైకి వచ్చునట్లు త్రిప్పి, చక్రముపైని గుఱుతును గీతతో కలుపవలెను. అప్పుడు రెండు రాకరులును వదులుగా నుండును. తగిన మందముగల ఫీలర్ గేజి రేకును సందులో దూర్చినప్పుడు అది కొంచెము పట్టుచు జాఱవలెను. మఱను సరిపఱచి లాక్ నట్టు బిగించిన తరువాత మఱల కొలువవలెను. ఏలయన బిగించునప్పుడే కొలత కదలుట సామాన్యము. ఇంజనును చేతితో త్రిప్పి ఇంకొకమాఱు చూడవలెను. ఇంత చేసినను బలము రానియెడల కంప్రెషను పరీక్షించి, అవసరమైనచో హెడ్డు దింపి, వాల్వునకు పేస్టు పూసి సీటుపై రుద్ది, పెట్రోలు పోసి కాఱుట లేదని రూఢి చేసికొనవలెను. అంచు కాలిపోయినచో కొత్తది వేయవలెను. ఇందు గొప్ప మంత్రతంత్రము లేవు. ఓర్పు, కొలత, మఱల కొలత. అంతియే.

అయితే ఈ యోర్పునకు మూల్య మెవ్వరిత్తురు? మన నీతిప్రశ్న యసలిక్కడ నున్నది. మేస్త్రీ గంటసేపు విని, కొలిచి, వదులైన మఱ నొకదానిని బిగించి, లోపమింతేయని చెప్పెననుకొందము. యజమాని యేమనును? ఒక మఱ బిగించినందుకింత కూలియా యని యనును. అదే మేస్త్రీ యేమియు వినకయే హెడ్డు విప్పి, అక్కఱలేని సామాను వేసి, పాత ముక్కలను పొట్లము గట్టి చేతిలో పెట్టెననుకొందము. యజమాని మాఱుమాటాడక వేలకొలది రూపాయలిచ్చును. సామానునకు డబ్బిత్తుము గాని తెలివికి నియ్యము. చూచినందుకు కూలి లేనప్పుడు చూడక మార్చుటయే లాభమని బీదవానికి నేర్పినవార మెవ్వరము? లోపమును వెదకినందుకే నెలనెల జీతము పుచ్చుకొను యింజనీరే, తన బండిలోని లోపమును వెదకినవానికి కూలి యిచ్చుటకు సంకోచించును. మోసమునకు మేస్త్రీ యొక్కడే బాధ్యుడనుట సగము సత్యము. మన పిసినితనము తక్కిన సగము.

ఇందుకు మేస్త్రీ ధర్మమును సడలింపరాదు. వైద్యుడు, వకీలు, మరమ్మతు చేయువాడు, ఈ మువ్వురియొద్దకును మనము తెలియనివారమై పోవుదుము. తాము చేసినది మంచిదో చెడ్డదో మనకు తెలియదని వారెఱుగుదురు. తెలియనివాని నమ్మిక తెలిసినవానిపై ఋణము. తీసివేసిన ముక్కను చూపుట, తెలియనప్పుడు తెలియదనుట, పరీక్షకింత, పనికింతయని ముందుగ చెప్పుట, ఆ ఋణమును తీర్చు మార్గములు. వానిని తీర్చువానికి మనము గౌరవముతో కూలి యిచ్చుట మన ఋణము.

తయారుచేయువారికిని ఒక ఋణము కలదు. 2020 ఏప్రిలు 1 నుండి మన దేశమున బి.ఎస్.-6 నియమములు అమలులోనికి వచ్చినవి. పొగ శుభ్రపడుట మేలే. కాని బండ్లలోనికి కంప్యూటర్లును సెన్సార్లును హెచ్చుగా వచ్చినకొలది లోపము తెలిసికొనుటకు వలయు సాధనములును కొలతల పుస్తకములును కంపెనీలచేతిలోనే యుండిపోవు భయము కలదు. వీథిలోని మేస్త్రీకి కొలత తెలియనిచో అతడు ఊహతో బిగించును. ఊహకు బలి యగునది పేదవాని బండి. 2022 లో కేంద్ర ప్రభుత్వపు వినియోగదారుల వ్యవహారముల శాఖ మరమ్మతు హక్కును గూర్చి సంఘమును నియమించి, ఆ డిసెంబరులో దానికొక పోర్టలును తెఱచినది. మోటారు వాహనములును అందు చేర్చబడినవి. కొలతను దాచుట వ్యాపార రహస్యము కాదు. కొనినవాని చేతులు కట్టివేయుట.

ఇంతవఱకు యంత్రమును గూర్చి పలికితిమి. చదువరులారా, ఒక్క క్షణము ఇంటివైపు దృష్టి మరల్పుడు. మా యింట నెన్నడును తగవు లేదని గర్వముతో చెప్పుకొను కుటుంబములు కలవు. అందు కొన్ని నిజముగా ధన్యములు. కొన్నింట మాత్రము కవాటము బిగిసియున్నది. హైటెక్ సిటీలో ఉద్యోగము చేయు చదువుకొన్న కోడలు, ఉదయము వంట చేసి, సాయంకాలము దాక పని చేసి, రాత్రి మఱల వంటయింట ప్రవేశించి, నెల జీతమును మాఱుమాటలేక అప్పగించుచుండును. ఆమె మిక్కిలి నెమ్మదిగలదని అత్తగారు పొరుగువారికి చెప్పుదురు. ఆమె కూర్చుండుటకు సమయ మెప్పుడు? తన మనస్సు వేడిని ఎవ్వరి కప్పగించును? ఊపిరి సలుపు సందొక్కింత లేని నెమ్మది గుణము కాదు, కాలుచున్న యంచు. ఒకనాడు బండి కదలనప్పుడు, నిన్నటివఱకు బాగుగనే యుండెనే యని యాశ్చర్యపడుదురు. ఆమె యొకనాడు గొణిగినచో అది యదృష్టమని భావింపుడు. ఇంకను చప్పుడు చేయుచున్నది; ఇంకను సవరింపవచ్చును.

కార్యాలయములకు నిది వర్తించును. తన క్రింది వారిలో నొక్కడును ఫిర్యాదు చేయలేదని సంతసించు అధికారి, ఫిర్యాదు చేసినవానికి పోయినసారి యేమి జరిగెనో జ్ఞప్తికి దెచ్చుకొనవలెను. హెచ్చరిక దీపమును ఆర్పు పెట్టెలు మనుష్యులలోను కలవు. అంతయు సరిగా నున్నదని పైవారికి పంపు నివేదికలు పెక్కు అట్టివే.

కొందఱిట్లు ఆక్షేపింపవచ్చును. మనుష్యుడు యంత్రము కాడు; మఱియు ప్రతి చప్పుడును వినుచు పోయినయెడల పని సాగదు; ఊరక గొణుగువారును, లాభమునకై మొఱపెట్టువారును లేరా? లేకేమి, కలరు. కాని చప్పుడును వినుమనుట చప్పుడునకు లొంగుమనుట కాదు. వదులైన రేకు గలగలను విని హెడ్డు విప్పువాడు మంచి మేస్త్రీ కాడని పైననే చెప్పితిమి. వినుట, వేఱుపఱచుట, కొలుచుట, ఆ పిదప చేయుట. మొఱ పెట్టినవాడు చెప్పిన కారణము తప్పు కావచ్చును. అయినను బాధ యెక్కడనో కలదనుట తఱచు సత్యమే. సరిగా సవరించిన ఇంజనులోను కొంచెము చప్పుడు మిగులును. ఆ సందు పెట్టినది చేసినవాడే గనుక ఆ చప్పుడు లోపము కాదు, ఆరోగ్య లక్షణము. మాటపట్టింపులు కొన్ని మిగిలిన సంసారమును, ప్రశ్నించువాడొకడు మిగిలిన సభయు నిట్టివే. పూర్ణ నిశ్శబ్దమును కోరువాడు సందు లేకుండ బిగించును.

యంత్రమునకును మనుష్యునకును భేదము నిజముగా కలదు. ఆ భేదము మన బాధ్యతను తగ్గించునది కాదు, హెచ్చించునది. కాలిన కవాటమునకు బదులు కొత్తది పుత్లీబౌలి దుకాణములలో దొరకును. కాలిన మనస్సునకు బదులిచ్చు దుకాణము లేదు. లోహపు ముక్కయెడల మంచి పనివాడు చూపు శ్రద్ధను, ఓర్పును, కొలతను, తోటివారియెడల చూపుట మనకు భారమైనచో, మన చదువు మనకు నేర్పినదేమి? మన యింటను, మన పనిచోటను, మన వీథిలోను వినబడు చిన్న చప్పుడును అణచుటకు చేయి చాపుటకు ముందు ఒక్కమాఱు చెవి యొగ్గుదము. ఏ చప్పుడును వినబడనిచోట, మంచి మేస్త్రీవలె, అడిగి చూతము.